లినక్స్‌లో వేసిన సాఫ్ట్‌వేర్‌ను సిస్టమ్ చెడకుండా తీసేయడం ఎలా?

"ఈ ఫైల్ డిలీట్ చేయొచ్చా?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. కొందరికి డిస్క్ నిండిపోయి ఉంటుంది. కొందరికి ఒకే ప్రోగ్రామ్ రెండు వెర్షన్లు పడి ఒకదాన్ని తీయాల్సి వస్తుంది. ఇంకొందరు ఏదో ప్రయోగం కోసం వేసి, ఇప్పుడు దాని ఆనవాలు లేకుండా చేయాలనుకుంటారు. ఫైల్ పేరు చూసి "చేయొచ్చు", "వద్దు" అని చెప్పడం కుదరదు. ఆ ఫైల్‌ను అక్కడ ఎవరు పెట్టారో తెలిస్తే జవాబు దానంతట అదే దొరుకుతుంది. ప్యాకేజీ మేనేజర్ (సాఫ్ట్‌వేర్‌ను వేసి, తీసే సిస్టమ్ సొంత ప్రోగ్రామ్) పెట్టినదాన్ని ప్యాకేజీ మేనేజరే తీయాలి. మీరు చేత్తో పెట్టినదాన్ని మీరే తీయాలి. ఈ రెండూ కలగాపులగం అయినప్పుడే సిస్టమ్ చెడుతుంది.

కమాండ్ల గురించి ఒక మాట. వాటిని ఇక్కడ పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి. పెద్ద అక్షరం అవసరమైన చోట విడిగా చెప్పాను, మిగతావన్నీ చిన్న అక్షరాలే. ఒంటి అక్షరపు ఆప్షన్లకు బదులు వీలైనంతవరకు రెండు డాష్‌ల పూర్తి పేర్లే ఇచ్చాను. వాటిలో పెద్ద ఎస్సా, చిన్న ఎస్సా అన్న గందరగోళం ఉండదు.

కావలసినవి

- సుడో హక్కు (అడ్మిన్ అధికారంతో కమాండ్లు నడిపే హక్కు) ఉన్న యూజర్ ఖాతా.
- ముఖ్యమైన డేటాకు వేరే డిస్క్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో బ్యాకప్. ఉన్న డిస్క్‌లోనే ఇంకో ఫోల్డర్‌లో పెట్టుకుంటే అది బ్యాకప్ కాదు.
- మీరు వాడే డిస్ట్రిబ్యూషన్ (డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకం) లైవ్ యూఎస్‌బీ, అంటే దాన్నుంచే బూట్ అయ్యే పెన్‌డ్రైవ్. సిస్టమ్ బూట్ కాకపోతే లోపలికి వెళ్లడానికి ఇదే దారి.
- దూరంగా ఉన్న సర్వర్ అయితే రెండు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే) సెషన్లు తెరిచి ఉంచండి. ఒకదానిలో పని చేయండి, రెండోదాన్ని ముట్టుకోకండి.
- ఒక అరగంట తీరిక. హడావిడిలో చేసే పని కాదిది.

మొదలుపెట్టే ముందు ఈ రెండు పనులు చేసి పెట్టుకోండి. డెబియన్, ఉబుంటుల్లో అయితే:

ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ > ~/ప్యాకేజీలు.టీఎక్స్‌టీ
సుడో టార్ --క్రియేట్ --జీజిప్ --ఫైల్=/రూట్/ఈటీసీ-పాతది.టార్.జీజెడ్ /ఈటీసీ

మొదటిది మీరు కోరి వేసుకున్న ప్యాకేజీల జాబితాను దాస్తుంది. రెండోది సెట్టింగ్స్ మొత్తానికి ఒక ప్రతి తీస్తుంది. ఈ రెండు ఫైళ్లనూ బయటికి కాపీ చేసుకోండి.

దశ 1: ఫైల్ ఎవరిదో కనుక్కోండి

ముందుగా అసలు ఫైల్ ఎక్కడుందో చూడండి. /యూఎస్ఆర్/బిన్‌లో కనిపించే పేర్లలో కొన్ని సింబాలిక్ లింకులు, అంటే ఇంకో చోట ఉన్న ఫైల్‌ను చూపించే పేర్లు మాత్రమే. ఉదాహరణకు డెబియన్‌లో జావా అనే పేరు /ఈటీసీ/ఆల్టర్నేటివ్స్ మీదుగా ఇంకెక్కడో ఉన్న అసలు ఫైల్‌కు పోతుంది. కాబట్టి:

రీడ్‌లింక్ --కెనానికలైజ్ /యూఎస్ఆర్/బిన్/జావా

వచ్చిన పూర్తి దారిని పట్టుకుని యజమాని ఎవరో అడగండి. ఏ సిస్టమ్‌కు ఏ కమాండ్ అంటే:

- డెబియన్, ఉబుంటు, మింట్: డీపీకేజీ --సెర్చ్ ఫైల్‌దారి
- ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబం, ఓపెన్‌సూసే: ఆర్‌పీఎం --క్వెరీ --ఫైల్ ఫైల్‌దారి
- ఆర్చ్, మాంజారో: ప్యాక్‌మ్యాన్ --క్వెరీ --ఓన్స్ ఫైల్‌దారి
- ఆల్పైన్: ఏపీకే ఇన్ఫో --హూ-ఓన్స్ ఫైల్‌దారి
- ఫ్రీబీఎస్‌డీ: పీకేజీ విచ్ ఫైల్‌దారి

ప్యాకేజీ పేరు వస్తే దశ 2కు వెళ్లండి. డీపీకేజీ "నో పాత్ ఫౌండ్" అంటే మాత్రం "దిక్కులేని ఫైల్ కదా, తీసేద్దాం" అనుకోవద్దు. ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. ఆ జవాబుకు కనీసం మూడు కారణాలు ఉండొచ్చు.

ఒకటి: మీరు అడిగిన దారి వేరు, రికార్డులో ఉన్న దారి వేరు కావచ్చు. ఇప్పటి సిస్టముల్లో /బిన్, /లిబ్ అనేవి /యూఎస్ఆర్/బిన్, /యూఎస్ఆర్/లిబ్‌లకు లింకులు. డెబియన్ 12లో /యూఎస్ఆర్/బిన్/ఎల్ఎస్ ఎవరిదని అడిగితే దొరకలేదంటుంది. /బిన్/ఎల్ఎస్ అని అడిగితే కోర్‌యుటిల్స్ అని చెబుతుంది. ముందు యూఎస్ఆర్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి, రెండు విధాలా అడగండి.

రెండు: ఇన్‌స్టాల్ అయ్యాక ప్యాకేజీ స్క్రిప్టులు తయారుచేసిన ఫైల్ కావచ్చు. డెబియన్, ఉబుంటుల్లో /బూట్‌లోని ఇనిట్‌ఆర్‌డీ ఇమేజ్ (బూట్ అయ్యేటప్పుడు మొదట కావలసిన ఫైల్) ఏ ప్యాకేజీ జాబితాలోనూ ఉండదు. కానీ దాన్ని తీసేస్తే కంప్యూటర్ బూట్ కాదు. /ఈటీసీ/పాస్‌డబ్ల్యూడీ కూడా అలాంటిదే. ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలూ అంతే.

మూడు: మీరో, మీకు ముందు ఆ మెషీన్ చూసిన మరొకరో చేత్తో పెట్టినది కావచ్చు. /యూఎస్ఆర్/లోకల్‌లోనో /ఓపీటీలోనో ఉంటే ఎక్కువగా ఇదే కారణం. అప్పుడు దశ 3 చేసి, దశ 6కు వెళ్లండి.

ఇక్కడ ఫ్రీబీఎస్‌డీ వాళ్లకు ఒక హెచ్చరిక. లినక్స్‌లో /యూఎస్ఆర్/లోకల్ మన సొంత చోటు. ఫ్రీబీఎస్‌డీలో మాత్రం పీకేజీ వేసే ప్యాకేజీలన్నీ అక్కడికే వెళ్తాయి. లినక్స్ అలవాటుతో అక్కడ చేత్తో ఊడవకండి.

దశ 2: తీయకముందే ఉత్తుత్తిగా తీసి చూడండి

ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌ను తీస్తున్నామనుకుందాం. ముందు దానిమీద ఇంకేం ఆధారపడి ఉన్నాయో చూడాలి:

ఆప్ట్-క్యాష్ ఆర్‌డిపెండ్స్ --ఇన్‌స్టాల్డ్ ఎన్‌జిన్‌ఎక్స్

ఫెడోరాలో దీనికి "డీఎన్ఎఫ్ రెపోక్వెరీ --ఇన్‌స్టాల్డ్ --వాట్‌రిక్వైర్స్ ఎన్‌జిన్‌ఎక్స్" అనాలి. ఆ తర్వాత రిహార్సల్:

ఆప్ట్ రిమూవ్ --సిమ్యులేట్ ఎన్‌జిన్‌ఎక్స్

ఇది దేన్నీ తీయదు. నిజంగా చేస్తే ఏమేం పోతాయో చూపిస్తుంది, అంతే. డీఎన్ఎఫ్, ప్యాక్‌మ్యాన్ అయితే అసలు కమాండ్ ఇచ్చినప్పుడే జాబితా చూపించి, సరేనా అని అడుగుతాయి. అక్కడ ఆగి చదవండి. అలవాటుగా వై నొక్కేయకండి.

జాబితాలో ఏం చూడాలి? మీరు తీస్తున్నది ఒక చిన్న ప్రోగ్రామ్. జాబితాలో ఉబుంటు-డెస్క్‌టాప్, గ్నోమ్-షెల్, పైథాన్3, సిస్టమ్‌డీ, లిబ్‌సీ6, నెట్‌వర్క్-మేనేజర్ లాంటి పేర్లు కనిపించాయంటే అక్కడితో ఆపేయండి. ఉబుంటులో "పాత పైథాన్ ఎందుకు, తీసేసి కొత్తది వేద్దాం" అని పైథాన్3ను తీసిన వాళ్లు డెస్క్‌టాప్ మొత్తం పోగొట్టుకున్నారు. డెస్క్‌టాప్‌లోని చాలా భాగాలు దానిమీదే నడుస్తాయి. కొత్త పైథాన్ కావాలంటే పాతదాన్ని అలాగే ఉంచి పక్కన వేసుకోవచ్చు.

డెబియన్‌లో కొన్ని ప్యాకేజీలకు ఎసెన్షియల్ అనే గుర్తు ఉంటుంది. వాటిని తీయబోతే పాత ఆప్ట్ వెర్షన్లు "యెస్, డూ యాజ్ ఐ సే!" అనే వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా టైప్ చేయమంటాయి. కొత్త వెర్షన్లు ప్రత్యేక ఆప్షన్ ఇవ్వనిదే ఒప్పుకోవు. మీకు ఆ వాక్యం ఎదురైందంటే చేస్తున్న పని తప్పు దారి పట్టిందనే అర్థం. దాన్ని టైప్ చేయకండి.

పేరులో నక్షత్రం గుర్తు వాడకండి. పాత ఆప్ట్-గెట్‌లో వైన్* అని ఇస్తే, అది దాన్ని ఫైల్ పేర్లలో వాడే నక్షత్రంలా కాక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా (అక్షరాల నమూనాగా) చదివేది. అందులో నక్షత్రం అంటే దాని ముందున్న అక్షరం ఉన్నా లేకపోయినా సరే అని. అంటే ఇంగ్లిష్‌లో "విన్" అనే మూడు అక్షరాలు పేరులో ఎక్కడున్నా సరే ఆ ప్యాకేజీ జాబితాలోకి వచ్చేది. ఎంత పెద్ద జాబితా అవుతుందో ఊహించండి. తీయాల్సిన పేర్లు పదున్నా సరే, పదీ రాయండి.

దశ 3: నడుస్తున్నదాన్ని ఆపండి

సర్వీస్ అయితే ముందు ఆపి, బూట్ అయినప్పుడు మొదలవకుండా చేయండి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్ --నౌ ఎన్‌జిన్‌ఎక్స్

మామూలు ప్రోగ్రామ్ అయితే మూసేస్తే చాలు. సోర్స్ (మూల కోడ్) నుంచి మనమే కట్టి వేసినవాటికి ఈ దశ తప్పనిసరి, ఎందుకంటే వాటి సర్వీస్‌ను ఆపడానికి అక్కడ ప్యాకేజీ స్క్రిప్ట్ ఏదీ ఉండదు.

దశ 4: ప్యాకేజీ మేనేజర్‌తో తీయండి

డెబియన్, ఉబుంటుల్లో రెండు దారులు:

సుడో ఆప్ట్ రిమూవ్ ఎన్‌జిన్‌ఎక్స్
సుడో ఆప్ట్ పర్జ్ ఎన్‌జిన్‌ఎక్స్

రిమూవ్ ప్రోగ్రామ్‌ను తీసి, /ఈటీసీలోని సెట్టింగ్స్ ఫైళ్లను ఉంచుతుంది. పర్జ్ వాటినీ తీసేస్తుంది. మళ్లీ వేసే ఆలోచన ఏమాత్రం ఉన్నా రిమూవ్ చాలు.

మిగతా సిస్టముల్లో ఇలా:

- ఫెడోరా: సుడో డీఎన్ఎఫ్ రిమూవ్ పేరు
- ఆర్చ్: సుడో ప్యాక్‌మ్యాన్ --రిమూవ్ --రికర్సివ్ పేరు
- ఓపెన్‌సూసే: సుడో జిప్పర్ రిమూవ్ --క్లీన్-డెప్స్ పేరు
- ఆల్పైన్: ఏపీకే డెల్ పేరు
- ఫ్రీబీఎస్‌డీ: పీకేజీ డిలీట్ పేరు

మీరు మార్చిన సెట్టింగ్స్ ఫైళ్లను ఆర్‌పీఎం ".ఆర్‌పీఎంసేవ్" అనే తోకతో, ప్యాక్‌మ్యాన్ ".ప్యాక్‌సేవ్" అనే తోకతో దాచి ఉంచుతాయి. ప్యాక్‌మ్యాన్‌కు --నోసేవ్ అని కూడా ఇస్తే దాచదు.

"పర్జ్ చేశాను, అయినా /ఈటీసీ/ఎన్‌జిన్‌ఎక్స్ ఫోల్డర్ అలాగే ఉందేంటి?" అని అడిగేవాళ్లు చాలామంది. కారణం చిన్నదే. ఆ సెట్టింగ్స్ ఎన్‌జిన్‌ఎక్స్ అనే ప్యాకేజీవి కావు, ఎన్‌జిన్‌ఎక్స్-కామన్ అనే ఇంకో ప్యాకేజీవి. మీరు పర్జ్ చేసింది మొదటిదాన్ని. దశ 1లోని --సెర్చ్ కమాండ్‌ను ఆ సెట్టింగ్స్ ఫైల్ మీద వాడితే ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. ఆ రెండో పేరును కూడా పర్జ్ చేయండి. ఫోల్డర్‌ను చేత్తో తీసేస్తే ఏమవుతుందో చివర్లో చెబుతాను. అది మీరు అనుకున్నంత తేలికైన వ్యవహారం కాదు.

డేటాబేస్‌ల విషయంలో మరీ జాగ్రత్త. మరియాడీబీ, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ సర్వర్ ప్యాకేజీలను పర్జ్ చేసేటప్పుడు డేటాను కూడా తీసేయాలా అని అడిగే తెర రావచ్చు. అక్కడ ఒక్క ఎంటర్ తప్పు నొక్కితే ఏళ్ల డేటా పోతుంది. ముందు డంప్ (డేటా మొత్తానికి ఫైల్ రూపంలో ఒక ప్రతి) తీయండి. తీసిన డంప్‌ను ఇంకో మెషీన్‌లో ఒకసారి ఎక్కించి చూడండి. ఆ తర్వాతే పర్జ్.

దశ 5: మిగిలిపోయిన తోడు ప్యాకేజీలు

ఒక ప్రోగ్రామ్ తనతోపాటు లైబ్రరీలను కూడా తెచ్చుకుంటుంది. అది పోయాక వాటితో పని ఉండదు.

సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --సిమ్యులేట్

జాబితా చదవండి. మీకు కావలసిన పేరు అందులో కనిపిస్తే "సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్ పేరు" అని గుర్తు పెట్టండి. ఇక దాన్ని ఆటోరిమూవ్ తీయదు. తర్వాత --సిమ్యులేట్ లేకుండా నడపండి. డీఎన్ఎఫ్ అయితే రిమూవ్ చేసినప్పుడే ఈ పని కూడా చేసేస్తుంది, అందుకే దాని జాబితా పొడుగ్గా కనిపిస్తుంది.

పాత కెర్నళ్లనూ (సిస్టమ్‌కు గుండెలాంటి భాగం పాత వెర్షన్లను) ఇలాగే తీయాలి. /బూట్ నిండిందని లోపలికి వెళ్లి ఫైళ్లు చెరిపేవాళ్లున్నారు, అలా చేయకండి. "యూనేమ్ --కెర్నల్-రిలీజ్" అని కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చూసుకోండి. దాన్నీ, ఇంకో పాతదాన్నీ ఉంచి, మిగతావాటిని ప్యాకేజీ పేర్లతోనే తీయండి. ఫెడోరాలో మామూలుగా మూడే ఉంచేలా సెట్టింగ్ ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ.

దశ 6: సోర్స్ నుంచి వేసినవి

ఇది కాస్త ఓపిక కోరే పని. "మేక్ ఇన్‌స్టాల్" అన్నప్పుడు ఫైళ్లు ఎక్కడెక్కడికో కాపీ అవుతాయి. ఎక్కడికి వెళ్లాయో సిస్టమ్ ఏ పుస్తకంలోనూ రాసుకోదు. పరిస్థితిని బట్టి దారులు ఇవి.

క) సోర్స్ ఫోల్డర్ ఇంకా ఉంది. అందులోకి వెళ్లి ముందు ఉత్తుత్తిగా:

మేక్ --డ్రై-రన్ అన్‌ఇన్‌స్టాల్

ఏ ఫైళ్లను తీస్తుందో కనిపిస్తుంది. దారులు సరిగ్గా ఉంటే "సుడో మేక్ అన్‌ఇన్‌స్టాల్". "నో రూల్ టు మేక్ టార్గెట్" అని వస్తే ఆ ప్రాజెక్ట్ వాళ్లు ఈ సౌకర్యం ఇవ్వలేదన్నమాట. అన్ని ప్రాజెక్టులూ ఇవ్వవు.

గ) సీమేక్ అనే బిల్డ్ పనిముట్టుతో కట్టినది. బిల్డ్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్_మానిఫెస్ట్.టీఎక్స్‌టీ అనే ఫైల్ ఉంటుంది. వేసిన ప్రతి ఫైల్ పూర్తి దారీ అందులో వరుసకొకటి చొప్పున ఉంటుంది. ముందు దాన్ని తెరిచి మొత్తం చదవండి. తర్వాత:

సుడో ఎక్స్‌ఆర్గ్స్ --ఆర్గ్-ఫైల్=ఇన్‌స్టాల్_మానిఫెస్ట్.టీఎక్స్‌టీ --డెలిమిటర్='\ఎన్' ఆర్ఎం --వర్బోస్

డెలిమిటర్ ముక్కను వదిలేయకండి. అది లేకపోతే పేరు మధ్యలో ఖాళీ ఉన్న ఫైల్‌ను రెండు ఫైళ్లుగా చదువుతుంది.

చ) సోర్స్ ఫోల్డర్ ఎప్పుడో పోయింది. అదే వెర్షన్‌ను మళ్లీ డౌన్‌లోడ్ చేయండి. అప్పట్లో ఇచ్చిన --ప్రిఫిక్స్ విలువనే ఇచ్చి కాన్ఫిగర్ చేసి కట్టండి. కానీ సిస్టమ్‌లోకి కాకుండా ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి వేయండి. ఇందులో డెస్ట్‌డిర్ అన్నది మొత్తం పెద్ద అక్షరాల్లో రాయాలి:

మేక్ డెస్ట్‌డిర్=/టీఎంపీ/నమూనా ఇన్‌స్టాల్
ఫైండ్ /టీఎంపీ/నమూనా -నాట్ -టైప్ డీ

ఇప్పుడు అది ఎక్కడెక్కడ ఏమేం పెడుతుందో పూర్తి జాబితా మీ చేతిలో ఉంది. ముందున్న /టీఎంపీ/నమూనా అన్న ముక్క తీసేస్తే మిగిలినవే అసలు సిస్టమ్‌లో వెతకాల్సిన ఫైళ్లు.

వేసి ఒకటి రెండు రోజులే అయితే ఇంకో సులువు ఉంది. "ఫైండ్ /యూఎస్ఆర్/లోకల్ -సీటైమ్ -2" అంటే గత రెండు రోజుల్లో అక్కడ మారినవన్నీ చూపిస్తుంది.

ఏ దారిలో వెళ్లినా నా సలహా ఒకటే: వెంటనే చెరిపేయకండి, పక్కన పెట్టండి. /రూట్/పక్కన అని ఒక ఫోల్డర్ చేసి, ఎంవీ --వర్బోస్‌తో ఫైళ్లను అందులోకి జరపండి. ఏ ఫైల్ ఎక్కడ నుంచి వచ్చిందో తెర మీద వచ్చిన వరుసలను ఒక ఫైల్‌లో దాచుకోండి. వారం రోజులు మెషీన్ మామూలుగా నడిస్తే అప్పుడు చెరపండి.

లైబ్రరీ ఫైళ్లు తీసినట్టయితే చివర్లో "సుడో ఎల్‌డీకాన్ఫిగ్" నడపండి. /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్‌లో దాని సర్వీస్ ఫైల్ ఉంటే దాన్నీ జరిపి "సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్" అనండి.

దశ 7: స్నాప్, ఫ్లాట్‌పాక్, పిప్

స్నాప్, ఫ్లాట్‌పాక్ అనేవి యాప్‌లను విడిగా వేసే పద్ధతులు, పిప్ పైథాన్ ప్యాకేజీలు వేసేది. వీటి లెక్క వేరు. ఆప్ట్‌కు ఇవి కనిపించవు.

స్నాప్: "స్నాప్ లిస్ట్"తో పేరు చూసి "సుడో స్నాప్ రిమూవ్ పేరు". తీసేటప్పుడు డేటాకు ఒక స్నాప్‌షాట్ తీసి మామూలుగా 31 రోజులు ఉంచుతుంది. అందుకే తీసినా డిస్క్ అంతగా ఖాళీ కాలేదనిపిస్తుంది. అది అక్కర్లేదంటే --పర్జ్ కలపండి.

ఫ్లాట్‌పాక్: "ఫ్లాట్‌పాక్ అన్‌ఇన్‌స్టాల్ పేరు". తర్వాత "ఫ్లాట్‌పాక్ అన్‌ఇన్‌స్టాల్ --అన్‌యూజ్డ్" అంటే ఎవరూ వాడని రన్‌టైమ్‌లు (యాప్‌లు పంచుకునే లైబ్రరీల కట్టలు) పోతాయి. చోటు ఎక్కువ తినేవి అవే.

పిప్: వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (పైథాన్ ప్యాకేజీల కోసం విడిగా చేసుకున్న ఫోల్డర్‌లో) వేసి ఉంటే ఆ ఫోల్డర్‌ను తీసేస్తే చాలు. సుడోతో పిప్ అన్‌ఇన్‌స్టాల్ మాత్రం చేయకండి. "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని అడ్డుపడితే దాన్ని దాటే ఆప్షన్ కోసం వెతక్కండి, ఆ అడ్డు మీ మంచికే పెట్టారు.

దశ 8: హోమ్ ఫోల్డర్‌లో మిగిలినవి

పర్జ్ కూడా /హోమ్ జోలికి రాదు. ~/.కాన్ఫిగ్, ~/.క్యాష్, ~/.లోకల్/షేర్‌లలో ఆ ప్రోగ్రామ్ పేరుతో ఫోల్డర్లు ఉంటే చేత్తో తీయొచ్చు. ఇక్కడ ఆర్ఎం వాడటంలో తప్పులేదు, సుడో మాత్రం వద్దు. బ్రౌజర్, మెయిల్ ప్రోగ్రామ్‌ల ఫోల్డర్లలో పాస్‌వర్డ్‌లు, ఉత్తరాలు ఉంటాయి. వాటిని తెరిచి చూశాకే.

నిజంగా పోయిందా? సరిచూసుకోండి

ముందు "టైప్ -ఏ పేరు" అని కొట్టండి. ఏమీ దొరకలేదంటే మంచిదే. ఇంకో చోట ఇంకో ప్రతి ఉంటే దాని దారి చూపిస్తుంది, మళ్లీ దశ 1 నుంచి మొదలుపెట్టాలి. ఒక్కోసారి ఫైల్ పోయినా షెల్ పాత దారినే గుర్తుపెట్టుకుని "నో సచ్ ఫైల్" అంటుంది. "హ్యాష్ -ఆర్" అంటే మర్చిపోతుంది. కంగారు పడాల్సిన పని లేదు.

డెబియన్‌లో "డీపీకేజీ --లిస్ట్" వరుస మొదట్లో ఐఐ అని ఉంటే ప్యాకేజీ ఉన్నట్టు. ఆర్‌సీ అని ఉంటే ప్రోగ్రామ్ పోయి సెట్టింగ్స్ మిగిలినట్టు. అలా మిగిలిన సెట్టింగ్స్ వద్దనుకుంటే అదే పేరుతో ఆప్ట్ పర్జ్ ఇప్పుడు కూడా పనిచేస్తుంది.

తర్వాత మిగిలిన సిస్టమ్ ఆరోగ్యం:

- సుడో ఆప్ట్-గెట్ చెక్ (ఫెడోరాలో డీఎన్ఎఫ్ చెక్, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ --క్వెరీ --చెక్)
- సుడో డీపీకేజీ --ఆడిట్
- సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్
- డీఎఫ్ --హ్యూమన్-రీడబుల్

పెద్ద పెద్ద ఫైళ్లు తీసినా డిస్క్ ఖాళీ కాలేదా? ఏదో ప్రాసెస్ ఆ ఫైల్‌ను ఇంకా తెరిచి పట్టుకుని ఉంది. "సుడో ఎల్‌సాఫ్ +ఎల్1" అంటే, ఇక్కడ ఒకటి ముందున్న ఎల్ పెద్ద అక్షరం, అలాంటివి కనిపిస్తాయి. ఆ ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగి వస్తుంది.

వీలైతే మీరు మెషీన్ దగ్గర ఉన్నప్పుడే ఒకసారి రీబూట్ చేసి చూడండి. మూడు నెలల తర్వాత కరెంటు పోయి వచ్చినప్పుడు బయటపడే సమస్య కన్నా ఇప్పుడు బయటపడేది నయం.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికన్నా ముందు ఆర్ఎం -ఆర్ఎఫ్. దారిలో ఒక్క ఖాళీ ఎక్కువ పడితే చాలు. 2011లో బంబుల్‌బీ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లో /యూఎస్ఆర్ తర్వాత పొరపాటున ఒక ఖాళీ పడింది. ఏదో లోపలి ఫోల్డర్‌ను తీయాల్సిన కమాండ్, వేసుకున్నవాళ్ల /యూఎస్ఆర్‌నే మొత్తం తుడిచేసింది. ఒట్టి / మీద నడపకుండా గ్నూ ఆర్ఎంలో రక్షణ ఉంది, కానీ /* అని ఇస్తే ఆ రక్షణ పనిచేయదు. అందుకే ముందు అదే దారిని ఎల్ఎస్‌కు ఇచ్చి ఏం చూపిస్తుందో చూడండి. స్క్రిప్టుల్లో వేరియబుల్ ఖాళీగా ఉంటే దారి ఏమవుతుందో కూడా ఆలోచించండి.

రెండోది నా అనుభవం. ఒక సర్వర్‌లో /యూఎస్ఆర్/లిబ్‌లో లిబ్‌క్రిప్టో ఫైళ్లు రెండు కనిపించాయి. పాతది అక్కర్లేదనుకుని ఆర్ఎం చేశాను. తెరిచి ఉన్న సెషన్ మామూలుగానే ఉంది, కాబట్టి అంతా బాగుందనుకున్నాను. పది నిమిషాల తర్వాత ఇంకో కిటికీలో లాగిన్ అవబోతే ఎస్‌ఎస్‌హెచ్ లోపలికి రానివ్వలేదు. నడుస్తున్న ప్రాసెస్‌లు లైబ్రరీని అప్పటికే మెమరీలోకి తెచ్చుకున్నాయి, కొత్తగా మొదలయ్యేవాటికి మాత్రం ఫైల్ దొరకడం లేదు. తెరిచి ఉన్న ఆ ఒక్క సెషన్ నుంచే ప్యాకేజీని మళ్లీ వేసి బయటపడ్డాను. ఆ సెషన్‌ను మూసేసి ఉంటే సర్వర్ ఉన్న చోటికి మనిషి వెళ్లాల్సి వచ్చేది. రెండు సెషన్లు తెరిచి ఉంచమని పైన రాసింది అందుకే.

ఇంకా: చోటు కోసం /వార్/లిబ్/డీపీకేజీని తీయకండి, సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో రాసిపెట్టిన ఖాతా పుస్తకం అదే. డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీలను తీయాలంటే "సుడో ఆప్ట్ క్లీన్" చాలు. ఆర్చ్‌లో --నోడెప్స్, ఆర్‌పీఎంలోనూ అదే పేరున్న ఆప్షన్, ఈ రెండూ ఆధారపడినవాటిని పట్టించుకోకుండా తీసేస్తాయి. ఎర్రర్ పోతుంది, సమస్య మిగులుతుంది.

చేయి జారితే

మెషీన్‌ను ఆపకండి, రీబూట్ చేయకండి, ఉన్న టెర్మినల్ మూయకండి. ఏం పోయాయో ముందు చూడండి:

సుడో డీపీకేజీ --వెరిఫై
సుడో ఆర్‌పీఎం --వెరిఫై --ఆల్

"మిస్సింగ్" అని వచ్చిన ఫైల్ ఏ ప్యాకేజీదో చూసి మళ్లీ వేయండి:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ పేరు

ఫెడోరాలో "డీఎన్ఎఫ్ రీఇన్‌స్టాల్ పేరు". ప్యాకేజీనే పొరపాటున తీసి ఉంటే అక్కడ "డీఎన్ఎఫ్ హిస్టరీ"లో ఆ లావాదేవీ నంబర్ చూసి "డీఎన్ఎఫ్ హిస్టరీ అన్‌డూ నంబర్" అనొచ్చు. డెబియన్‌లో అలా వెనక్కి తిప్పే బదులు /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్ తెరిచి, పోయిన పేర్లు చూసి మళ్లీ వేయాలి.

ఇప్పుడు ఇందాక ఆపిన సంగతి. /ఈటీసీలోని సెట్టింగ్స్ ఫైల్‌ను మీరు చేత్తో తీసేస్తే, ప్యాకేజీని మళ్లీ వేసినా డీపీకేజీ దాన్ని తిరిగి పెట్టదు. కావాలనే తీశారని అనుకుంటుంది. దాంతో "పదిసార్లు రీఇన్‌స్టాల్ చేసినా సర్వీస్ మొదలవడం లేదు" అనే పరిస్థితి వస్తుంది. మందు ఇది, ఇందులో డీపీకేజీ మొదటి అక్షరం డీ, ఆప్షన్స్ మొదటి అక్షరం ఓ పెద్దవి:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ --ఆప్షన్ డీపీకేజీ::ఆప్షన్స్::="--ఫోర్స్-కాన్ఫ్‌మిస్" పేరు

ఆప్ట్ కూడా పనిచేయని స్థితి అయితే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, అసలు డిస్క్‌ను మౌంట్ చేసి, ఛ్‌రూట్‌తో (ఆ డిస్క్‌లోని సిస్టమ్‌లోనే పని చేసేలా చేసే కమాండ్‌తో) లోపలికి వెళ్లి ఇదే పని చేయాలి.

మ్యాక్ వాడేవారికి

మ్యాక్‌లో సిస్టమ్ ఫైళ్లు తీయడానికి ప్రయత్నించకండి. 2015లో వచ్చిన ఎల్ క్యాపిటన్ నుంచి సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ వాటిని రూట్ యూజర్‌ను కూడా ముట్టనివ్వదు. 2020 నాటి బిగ్ సర్ నుంచి ఆ వాల్యూమ్ మొత్తానికి డిజిటల్ సంతకం కూడా ఉంది. మీరు వేసినవాటిని మాత్రం తీయొచ్చు. హోంబ్రూతో వేసినది "బ్రూ అన్‌ఇన్‌స్టాల్ పేరు"తో పోతుంది. ఇన్‌స్టాలర్ ప్యాకేజీతో వేసినదైతే "పీకేజీయుటిల్ --పీకేజీఎస్"తో పేరు పట్టుకుని, "పీకేజీయుటిల్ --ఫైల్స్ పేరు"తో జాబితా చూసి ఫైళ్లను ఒక్కొక్కటిగా తీయాలి. ఆ జాబితాలో మిగతా ప్రోగ్రామ్‌లు కూడా వాడే ఫోల్డర్ల పేర్లు ఉంటాయి కాబట్టి ఫోల్డర్లను వదిలి ఫైళ్లనే తీయండి. "--ఫర్గెట్" అనే ఆప్షన్ చూసి మోసపోకండి. అది రసీదును చెరుపుతుంది, ఒక్క ఫైల్‌ను కూడా తీయదు. ఫైళ్లన్నీ తీశాకే దాన్ని వాడండి. ముందే వాడితే, ఏ ఫైళ్లు తీయాలో చెప్పే జాబితా కూడా పోతుంది.